నీటి దువ్వెనలు: స్కాలప్ చిప్ప నుంచి కొంగ గోరు దాకా

స్కాలప్ ఒక సముద్రపు చిప్పజీవి. ముత్యపు చిప్పలాగే ఇది కూడా రెండు చిప్పల మధ్య మెత్తటి శరీరాన్ని దాచుకుని బతుకుతుంది. విప్పిన విసనకర్రలాంటి ఆకారం, మొదలు నుంచి అంచు దాకా కిరణాల్లా పరుచుకున్న గట్లూ చాళ్ళూ, అంచు పొడవునా చిన్న చిన్న అలల్లాంటి వంపులు దీని గుర్తులు. తెలుగువాళ్ళ వంటింట్లోకి ఈ జీవి రాకపోయినా, దీని పేరు మాత్రం బీరువాలోకి వచ్చి చేరింది. చీర అంచును అర్ధచంద్రాల వరుసగా కత్తిరించి కుట్టిస్తే దర్జీలు దాన్ని ‘స్కాలప్ బోర్డర్’ అంటారు. ఆ వంపులు ఈ చిప్ప అంచు నుంచి వచ్చినవే.

ప్రపంచ సముద్రాల్లో దాదాపు 300 స్కాలప్ జాతులున్నాయి. శాస్త్రవేత్తలు వీటన్నిటినీ పెక్టినిడే కుటుంబంలో చేర్చారు. లాటిన్‌లో పెక్టెన్ అంటే దువ్వెన. గ్రీకులో దువ్వెనకున్న మాట నుంచి ‘టీనో’ అనే మరో మూలం పుట్టింది. జంతుశాస్త్రంలో ఈ రెండు మాటలూ చాలాచోట్ల ఎదురవుతాయి. నత్తల మొప్పల్లో, చేప పొలుసు మీద, ఒక నక్షత్ర చేప పేరులో, గాజులా మెరిసే జెల్లీ ఒంటిమీద, ఇలా ఎక్కడ పళ్ళ వరుస కనిపిస్తే అక్కడ దువ్వెన పేరు పెట్టారు. ఆ పేర్లున్న జీవుల్లో చాలావాటికి ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. ఒకే రకం కట్టడం జీవపరిణామంలో వేర్వేరు వంశాల్లో, వేర్వేరు అవసరాల కోసం మళ్ళీ మళ్ళీ తయారైంది.

దువ్వెనలో పని చేసేది పళ్ళకన్నా వాటి మధ్య ఉన్న సందులే. తల దువ్వుకునే దువ్వెనకూ పేల దువ్వెనకూ తేడా అక్కడే ఉంది. సందు ఎంత ఉంటే ఏది ఆగుతుంది, ఏది జారిపోతుంది అన్న లెక్క మీదే నీటి జీవుల దువ్వెనలన్నీ నడుస్తాయి.

చిప్ప మీద పేరు, చిప్ప లోపల దువ్వెన

స్కాలప్‌కు దువ్వెన పేరు పై గట్లను చూసి పెట్టిందే. నిజానికి ఆ గట్లు దేన్నీ దువ్వవు, వడకట్టవు. రేకును ముడతలు పెడితే గట్టిపడినట్టు, అవి పలచటి చిప్పకు బలాన్నిస్తాయి. అసలైన దువ్వెన చిప్పలో మరోచోట, వెతికితే తప్ప కనిపించనిచోట ఉంది.

స్కాలప్ చిప్పను చేతిలోకి తీసుకుని, రెండు చిప్పలూ కలిసే కీలు దగ్గర చూస్తే, అటూ ఇటూ చెవుల్లాంటి రెండు రెక్కలు కనిపిస్తాయి. కుడి చిప్పలో ముందు చెవి కింద ఒక నొక్కు ఉంటుంది. పిల్ల స్కాలప్ ఆ నొక్కు గుండా సన్నటి పీచుదారాలను బయటికి వదిలి, రాతికో నాచుకో తనను కట్టేసుకుంటుంది. ఆ నొక్కు అంచున, ఇసుక రేణువుల్లాంటి బుల్లి పళ్ళు ఒక వరుసలో నిలబడి ఉంటాయి. మగ్గం మీద పడుగు పోగులు చిక్కుపడకుండా అచ్చు వాటిని విడివిడిగా నిలిపినట్టు, ఈ పళ్ళు ఒక్కొక్క పీచుదారాన్నీ వేరుగా పట్టి ఉంచుతాయి. అలలు ఎటు తోసినా దారాలు మెలిపడవు, పట్టు సడలదు. ఈ వరుసకు టీనోలియం, అంటే చిట్టి దువ్వెన, అని పేరు. స్కాలప్‌లను వాటి దగ్గరి చుట్టాల నుంచి వేరుచేసి గుర్తుపట్టడానికి శాస్త్రవేత్తలు ఆధారంగా తీసుకునేది ఈ పళ్ళనే. పెద్దయ్యాక చాలా జాతులు కట్టు తెంచుకుని స్వేచ్ఛగా బతుకుతాయి. కొన్నింటిలో అప్పటికి నొక్కు పూడిపోతుంది, పళ్ళూ మాయమవుతాయి.

మూడో దువ్వెన శరీరం లోపలే ఉంది. అది మొప్ప. నత్తలు, గుల్లలు, చిప్పజీవుల మొప్పను టీనిడియం అంటారు. దీని అర్థం కూడా చిట్టి దువ్వెనే. పలచటి పోగులు పక్కపక్కనే వేలాడుతూ, వాటి మీది సూక్ష్మ రోమాలు నీటిని లోపలికి లాగుతూ ఉంటాయి. ప్రాణవాయువు రక్తంలోకి వెళ్తుంది. నీటిలోని సూక్ష్మ నాచు కణాలు జిగురుకు అంటుకుని నోటివైపు సాగుతాయి. ఊపిరీ భోజనమూ ఒకే దువ్వెన మీద జరిగిపోతాయి.

ఎగిరే చిప్ప, చూసే చిప్ప

చిప్పజీవులంటే కదలకుండా పడి ఉండేవన్న అభిప్రాయాన్ని స్కాలప్ తిరగరాస్తుంది. నక్షత్ర చేప స్పర్శో వాసనో తగిలిన మరుక్షణం రెండు చిప్పలనూ టపటపా కొడుతూ లేచి ఈదుతుంది. కండరం చిప్పలను ఒక్కసారిగా మూయగానే లోపలి నీరు కీలుకు రెండు పక్కల నుంచీ ధారలుగా చిమ్ముతుంది. ఆ విసురుకు శరీరం తెరిచిన అంచువైపు దూసుకుపోతుంది. చూసేవాళ్ళకు కట్టుడు పళ్ళ సెట్టు ఒకటి నీటిని కొరుక్కుంటూ పారిపోతున్నట్టు ఉంటుంది. మూయడానికి కండరం ఉంది గానీ తెరవడానికి లేదు. ఆ పని కీలులోని రబ్బరులాంటి ముద్ద చేస్తుంది. అందులో అబ్డక్టిన్ అనే సాగే ప్రోటీన్ ఉంటుంది. చిప్పలు మూసుకున్నప్పుడు అది నలిగి, కండరం వదలగానే స్ప్రింగులా వాటిని తెరుస్తుంది.

ఆ మూసే కండరంలో రెండు భాగాలున్నాయి. పెద్ద భాగం వేగంగా ముడుచుకునేది, ఈతకు అదే పనికొస్తుంది. చిన్న భాగం నెమ్మదిగా బిగుసుకున్నా, అలసట లేకుండా గంటల తరబడి చిప్పలను మూసి ఉంచుతుంది. హోటళ్ళలో స్కాలప్ పేరుతో వడ్డించే తెల్లటి గుండ్రటి ముక్క ఈ కండరమే.

కళ్ళ సంగతి మరీ విడ్డూరం. చిప్ప కొద్దిగా తెరుచుకుంటే అంచు పొడవునా ఆవగింజంత నీలి చుక్కలు మెరుస్తాయి. ఒక్కో జీవికి 200 దాకా ఉండే ఆ చుక్కలన్నీ కళ్ళే. మన కన్ను కటకంతో బొమ్మను కడితే, స్కాలప్ కన్ను అద్దంతో కడుతుంది. కంటి వెనుక గోడకు పుటాకార దర్పణం ఉందనీ, దూరదర్శినిలో జరిగినట్టే అది కాంతిని ముందుకు తిప్పి రెటీనా మీద పడేస్తుందనీ బ్రిటిష్ శాస్త్రవేత్త మైకేల్ లాండ్ 1965లో వివరించాడు. ఆ అద్దం గ్వానిన్ అనే పదార్థపు పలకలతో తయారైంది. చేప ఒంటికి వెండి మెరుపునిచ్చేదీ అదే పదార్థం. 2017లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఈ పలకలు చిన్న చిన్న చతురస్రాలనీ, గచ్చు మీద పలకలు పరిచినట్టు సందు లేకుండా పొరలు పొరలుగా అమరి ఉంటాయనీ చూపించారు. ఒక్కో కంటికి రెండేసి రెటీనాలు ఉండటం మరో విశేషం.

యాత్రికుడి చిప్ప, రైతు చిప్ప

ఐరోపాలో ఈ చిప్పకు మతంతో ముడి పడింది. స్పెయిన్ వాయవ్య మూలలోని శాంటియాగో దె కాంపొస్టెలాకు కాలినడకన వెళ్ళే క్రైస్తవ యాత్రికులు మధ్యయుగాల నుంచీ స్కాలప్ చిప్పను గుర్తుగా ధరిస్తున్నారు. ఇప్పటికీ ఆ దారిలోని బాటగుర్తుల మీద దాని బొమ్మే ఉంటుంది. ఫ్రెంచివాళ్ళు స్కాలప్‌ను సెయింట్ జాక్ చిప్ప అనడం ఈ యాత్ర వల్లే. ఇటలీ చిత్రకారుడు బొత్తిచెల్లి 15వ శతాబ్దం చివర్లో వీనస్ దేవత జననాన్ని చిత్రించినప్పుడు ఆమెను నిలబెట్టింది స్కాలప్ చిప్ప మీదే. పెట్రోలు బంకుల మీద కనిపించే షెల్ కంపెనీ గుర్తు కూడా 1904 నుంచి ఈ చిప్పే. ఆ కంపెనీ వంశవృక్షం వెనక్కి వెళ్తే లండన్‌లో అలంకారపు గవ్వలూ చిప్పలూ అమ్మిన శామ్యూల్ కుటుంబపు దుకాణం దగ్గర తేలుతుంది.

జపాన్‌లోని హొక్కయిదో, అవొమొరి తీరాల్లో స్కాలప్ పెంపకం పెద్ద పరిశ్రమ. దాని కిటుకంతా టీనోలియం దగ్గరే ఉంది. పిల్ల స్కాలప్ ఏదో ఒకదానికి కట్టుకోక తప్పదు కదా. అందుకని మత్స్యకారులు వల సంచులను సముద్రంలో వేలాడదీస్తారు. ఈదే దశ ముగించుకున్న పిల్లలు వచ్చి వాటికి పీచుదారాలతో అంటుకుంటాయి. కొంచెం ఎదిగాక వాటిని అంతస్తుల వల లాంతర్లలోకి మారుస్తారు. లేదా చెవికి సన్నటి రంధ్రం చేసి తాడుకు గుచ్చి వేలాడదీస్తారు. చైనాలో పెంపకం మొదలైన తీరు ఇంకా ఆసక్తికరం. 1982లో అమెరికా నుంచి తెచ్చిన అఖాతపు స్కాలప్‌లలో బతికి బట్టకట్టినవి 26 మాత్రమే. ఆ గుప్పెడు జీవుల సంతతి నుంచే అక్కడ ఓ పరిశ్రమ లేచింది.

భారత తీరంలో స్కాలప్‌ల కోసం ప్రత్యేకంగా సాగే పెద్ద వేట లేదు. ఒక చిప్ప ఎర్రటి గోధుమరంగులో, మరొకటి తెల్లగా ఉండి చందమామలా నునుపుగా కనిపించే అమూసియం జాతి స్కాలప్ మాత్రం ట్రాలర్ల వలల్లో ఇతర సరుకుతో పాటు వస్తుంటుంది.

మొప్పల్లోని జల్లెడ

చేప మొప్పను ఎత్తి చూస్తే ఎర్రటి పోగులు ఒకవైపు, తెల్లటి ముళ్ళు మరోవైపు కనిపిస్తాయి. ఎర్రవి ఊపిరికి. తెల్లవి నోట్లోకి వచ్చిన మేత మొప్పల గుండా బయటికి జారిపోకుండా ఆపేవి. ఈ తెల్ల ముళ్ళ వరుసను చూసి ఆ చేప తిండి ఏమిటో చాలావరకు చెప్పేయొచ్చు. వేటాడి మింగే చేపకు ముళ్ళు పొట్టిగా, ఎడంగా ఉంటాయి. నీటిలో తేలే సూక్ష్మజీవులను వడకట్టుకునే చేపకు అవి పొడవుగా, సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి.

గోదావరి జిల్లాలవాళ్ళకు ఇందుకు పులసకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు. సముద్రంలో ఉన్నంతకాలం విలసగా ఉండి, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అయ్యే ఈ చేప, ఖరీదు చూస్తే రారాజు, తిండి చూస్తే సాధువు. నీటిలోని సూక్ష్మజీవులే దాని ఆహారం. దాని మొప్ప కమాను కింది భాగంలోనే 100 నుంచి 250 దాకా సన్నటి ముళ్ళుంటాయి. కొల్లేటి చుట్టూ, డెల్టా అంతటా ఉన్న చేపల చెరువుల్లోనూ ఈ లెక్కే నడుస్తుంది. ఒకే చెరువులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కలిపి పెంచడానికి వీలవుతున్నది ఒకదాని మేత మరొకదానికి పోటీ కాకపోవడం వల్లే. బొచ్చె పైనీటిలో తిరుగుతూ సన్నటి మొప్ప ముళ్ళతో జంతుప్లవకాలను వడకట్టుకుంటుంది. ఎర్రమోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది.

జల్లెడా, తెడ్డా?

వడకట్టే దువ్వెన అనగానే టీ వడకట్టే జాలీ గుర్తొస్తుంది. జీవి చిన్నదైపోతున్న కొద్దీ ఆ పోలిక తప్పుతుంది. మిల్లీమీటరు సైజు జీవికి నీరు మనకు తోచినంత పలచగా ఉండదు. దానికి అది తేనెపాకంలా చిక్కగా, జిగటగా ఉంటుంది. ప్రతి రోమం చుట్టూ కొంత నీరు అంటుకుని కదులుతుంది. రోమాలు దగ్గరగా ఉంటే ఆ పొరలు ఒకదానితో ఒకటి కలిసిపోయి సందు మూసుకుపోతుంది. అప్పుడు దువ్వెన గుండా నీరు పోదు. దువ్వెన మొత్తం ఒక తెడ్డులా నీటిని తోస్తుంది.

సముద్రాల్లో లెక్కకు మించి ఉండే కోపిపాడ్లు అనే చిట్టి జీవులు రోమాల కాళ్ళతో నీటిని జల్లెడ పట్టి తింటాయని చాలాకాలం అనుకున్నారు. 1981లో శాస్త్రవేత్తలు మిమీ కోల్, రూడీ స్ట్రిక్లర్ వాటిని వేగవంతమైన కెమెరాతో చిత్రించి చూస్తే కథ మారింది. కోపిపాడ్ తన దువ్వెనలాంటి కాళ్ళను తెడ్లుగా ఆడించి, నాచు కణం ఉన్న నీటిబొట్టును తనవైపు లాక్కుంటోంది. తర్వాత ఆ బొట్టును గుప్పిట పట్టినట్టు మూసి, నీటిని పిండేసి, కణాన్ని పట్టుకుంటోంది. అదే రోమాల వరుస వేగం పెరిగితే జల్లెడ, మందగిస్తే తెడ్డు.

ఈ జిగట ప్రపంచపు నియమం ఒకదానికి స్కాలప్ పేరే పెట్టారు. 1952లో నోబెల్ బహుమతి అందుకున్న భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ ఒక ఉపన్యాసంలో చిత్రమైన ప్రశ్న వేశాడు. స్కాలప్ బాక్టీరియా అంత చిన్నదై ఉంటే ఈదగలదా? చిప్పలు నెమ్మదిగా తెరిచి వేగంగా మూసినా ప్రయోజనం లేదు. తెరిచినప్పుడు వెనక్కి జరిగిన దూరం, మూసినప్పుడు ముందుకు జరిగిన దూరంతో సరిగ్గా చెల్లిపోతుంది. అంత చిన్న లోకంలో ఒకే కీలుతో ఎవరూ ఈదలేరు. ఈ సూత్రాన్నే ఇప్పుడు ‘స్కాలప్ సిద్ధాంతం’ అంటున్నారు. అసలు స్కాలప్ మాత్రం అరచేతి పరిమాణంలో ఉండబట్టి హాయిగా ఈదుతోంది.

దువ్వెనలతో ఈదే జెల్లీలు

దువ్వెనను తెడ్డుగా వాడటంలో ఆరితేరినవి దువ్వెన జెల్లీలు. శాస్త్రనామం టీనోఫోరా, అంటే దువ్వెనను మోసేవి. కుట్టే జెల్లీ చేపలతో వీటికి పోలికే గానీ సంబంధం తక్కువ. ఉసిరికాయంత ఉండే ప్లూరోబ్రాకియాను గాజు పాత్రలో వేసి చూస్తే, పారదర్శకమైన ఒంటి మీద పైనుంచి కిందికి 8 వరుసలు కనిపిస్తాయి. ఒక్కో వరుసలో నిచ్చెన మెట్లలా చిన్న పలకలుంటాయి. ఒక్కో పలకా వేలకొద్దీ సూక్ష్మ రోమాలు అతుక్కుని ఏర్పడిన దువ్వెన. గాలికి వరిచేను ఊగినట్టు ఈ పలకలు ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటాయి. జంతులోకంలో ఇలా రోమాల బలంతోనే ఈదే వాటిలో అన్నిటికన్నా పెద్ద జీవులు ఇవే. పలకల మీద పడిన వెలుతురు చెదిరి ఇంద్రధనుస్సు రంగులు పరుగెడతాయి. ఆ మెరుపు జీవి పుట్టించే వెలుగు కాదు, పడిన కాంతి ముక్కలవడం. నోటికి ఎదురుగా ఉన్న కొనలో ఒక సూక్ష్మమైన బరువు నాలుగు రోమాల కట్టల మీద నిలిచి ఉంటుంది. జీవి ఒరిగితే బరువు ఒక కట్ట మీద ఎక్కువ పడుతుంది. దాన్ని బట్టి ఆ పక్క దువ్వెనలు వేగం మార్చుకుని దేహాన్ని సరిచేస్తాయి.

ఇంత సుకుమారమైన జీవి ఒక సముద్రాన్నే అతలాకుతలం చేసింది. అమెరికా తూర్పు తీరపు నెమియాప్సిస్ లైడీ అనే జాతి ఓడలు బరువు కోసం నింపుకునే నీటితో పాటు నల్ల సముద్రం చేరింది. 1980ల్లో అక్కడ విపరీతంగా పెరిగి, చేపల మేతనూ గుడ్లనూ పిల్లలనూ తినేసింది. అప్పటికే మితిమీరిన వేటతో నీరసించిన ఆంకోవీ చేపల పరిశ్రమ దశాబ్దం చివరికల్లా కుప్పకూలింది. 1997లో బెరోయి అనే మరో దువ్వెన జెల్లీ అక్కడికి వచ్చింది. దాని తిండి తోటి దువ్వెన జెల్లీలే. అది రాగానే నెమియాప్సిస్ తగ్గుముఖం పట్టింది.

జంతువుల వంశవృక్షంలో మొదటి కొమ్మ స్పంజికలదా, దువ్వెన జెల్లీలదా అన్నది ఇప్పటికీ వాదనలో ఉన్న ప్రశ్న. 2008 నుంచి జన్యు అధ్యయనాలు కొన్ని దువ్వెన జెల్లీల వైపు వేలు చూపుతున్నాయి. 2023లో క్రోమోజోముల మీద జన్యువుల అమరికను పోల్చిన పరిశోధన కూడా ఆ పక్షానికే బలం చేకూర్చింది. అది నిజమైతే నాడులూ కండరాలూ రెండుసార్లు పుట్టాయా, లేక స్పంజికలు వాటిని పోగొట్టుకున్నాయా అన్న కొత్త చిక్కు మొదలవుతుంది.

పొలుసు అంచున పళ్ళు

చేపల బజారులో పండుగప్ప ఒంటిమీద తోకవైపు నుంచి తలవైపుకు బొటనవేలు పోనిస్తే గరగరలాడుతుంది. బొచ్చె మీద అలాగే చేస్తే వేలు జారిపోతుంది. తేడా పొలుసు అంచులో ఉంది. బొచ్చె, శీలావతి పొలుసుల అంచు నాణెంలా నునుపు. పండుగప్ప పొలుసుకు బయటి అంచున సన్నటి పళ్ళ వరుస ఉంటుంది. అలాంటి వాటిని టీనాయిడ్ పొలుసులు అంటారు. స్విస్ శాస్త్రవేత్త లూయీ అగాసీ 1833 నుంచి 1843 దాకా వెలువరించిన శిలాజ చేపల గ్రంథంలో పొలుసుల ఆధారంగా మొత్తం చేపలను నాలుగు వర్గాలు చేశాడు. అందులో దువ్వెన పొలుసుల వర్గం ఒకటి. తర్వాత ఆ వర్గీకరణ నిలబడలేదు. అడుగున పక్కకు వాలి పడుకునే బల్లపరుపు చేపల్లో కొన్నింటికి పైపక్క దువ్వెన పొలుసులు, కిందిపక్క నున్నటి పొలుసులు ఉన్నాయి. ఒకే చేప రెండు వర్గాల్లోకి రావడం కుదరదు కదా. వర్గాలు పోయినా పొలుసు పేర్లు మాత్రం మిగిలాయి.

కేరళవాళ్ళు కరిమీన్ అని మురిసిపోయే చేపకు కోస్తా ఆంధ్రలో కొన్నిచోట్ల దువ్వెన చేప అనే పేరుంది. వీపు రెక్కలో వరుసగా 18, 19 ముళ్ళు నిక్కబొడుచుకుని ఉండే ఈ ఉప్పుటేర్ల చేపను చూస్తే ఆ పేరు అతికినట్టే ఉంటుంది.

ముళ్ళు, రంపాలు, అంచులు

ఆస్ట్రోపెక్టెన్ అంటే నక్షత్ర దువ్వెన. ఇసుకలో సగం కూరుకుని బతికే ఈ నక్షత్ర చేప చేతుల అంచున పలకలూ, వాటికి ముళ్ళూ వరుసగా ఉంటాయి. దీని జాతులు బంగాళాఖాతపు వలల్లోనూ దొరుకుతాయి. చాలా నక్షత్ర చేపల్లా దీని పాదాలకు పీల్చి పట్టే కప్పులు లేవు. అందుకే గుల్లలను తెరవడానికి పాట్లు పడకుండా నత్తలనూ చిన్న గుల్లలనూ చిప్పతో సహా మింగేసి, లోపల అరిగించుకుని, ఖాళీ చిప్పలను నోటి గుండానే కక్కేస్తుంది.

హిందూ, పసిఫిక్ మహాసముద్రాల మ్యూరెక్స్ పెక్టెన్ నత్తను ‘వీనస్ దువ్వెన’ అంటారు. దాని గుల్ల మీద 100కు పైగా పొడవాటి ముళ్ళు వరుసలు తీరి ఉంటాయి. అవి మింగబోయే చేపకు గొంతులో గుచ్చుకుంటాయి, మెత్తటి బురదలో నత్త కూరుకుపోకుండా ఆపుతాయి. రంపపు ముక్కు చేపల్లో ఒకదాని పేరు ప్రిస్టిస్ పెక్టినేటా. దాని మూతి రంపం రెండంచుల దువ్వెనను తలపిస్తుంది. చేపల గుంపులో దాన్ని అటూ ఇటూ ఝళిపించి గాయపరుస్తుంది. భారత చట్టం రంపపు చేపలకు 2001లో రక్షణ కల్పించింది.

స్కాలప్ అంచు వంపులు కూడా పెద్ద జీవుల్లో కనిపిస్తాయి. సుత్తితల సొరల్లో ఒక జాతి తల ముందు అంచు స్కాలప్‌లా వంపులు తిరిగి ఉండటంతో ఇంగ్లిషులో దానికి ఆ పేరే స్థిరపడింది. మూపురపు తిమింగలం రెక్కల ముందంచున వరుసగా బొడిపెలుంటాయి. 2004లో అలాంటి రెక్క నమూనాలను గాలి సొరంగంలో పరీక్షించినప్పుడు, నున్నటి అంచు రెక్కకన్నా ఇది ఎక్కువ కోణంలో వాలినా పట్టు కోల్పోలేదు. అంత భారీ దేహం చేపల చుట్టూ ఇరుకు మలుపులు తిరగగలగడానికి ఇది ఒక కారణం.

నోటినిండా దువ్వెన

అతిపెద్ద జీవుల నోళ్ళలోనే అతిపెద్ద దువ్వెనలు ఉన్నాయి. నీలి తిమింగలానికి పళ్ళు లేవు. పై దవడ నుంచి వందల సంఖ్యలో పలకలు వేలాడతాయి. మన గోళ్ళలోని పదార్థమే వాటిలోనూ ఉంది. లోపలి అంచులు పీచులుగా విడిపోయి ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. నోరు తెరిచి నీటిని నింపుకుని, నాలుకతో బయటికి నెట్టేస్తే క్రిల్ రొయ్యలు ఆ పీచులో ఆగిపోతాయి. ధ్రువ సముద్రపు బోహెడ్ తిమింగలం పలకలు 4 మీటర్ల దాకా పెరుగుతాయి. 19వ శతాబ్దపు ఐరోపాలో గొడుగు ఊచలూ, స్త్రీల నడుము బిగించే దుస్తుల కమ్మీలూ వాటితోనే చేసేవారు. అంటార్కిటికా సీల్ ఒకటి పళ్ళతోనే ఈ పని కానిస్తుంది. దాని దవడ పళ్ళు ఒక్కొక్కటీ చిన్న కొమ్మల్లా చీలి ఉంటాయి. దవడలు మూస్తే కింది పళ్ళ కొమ్మలు పై పళ్ళ సందుల్లో ఇమిడిపోయి జల్లెడవుతాయి. పీతలు తినే సీల్ అన్న పేరు పడినా అది తినేది ప్రధానంగా క్రిల్‌నే.

నెల్లూరు, తిరుపతి జిల్లాల ప్రజలకు పులికాట్ సరస్సు రాజహంసలు తెలుసు. శీతాకాలంలో అవి లోతులేని ఉప్పునీటిలో తలకిందులుగా ముక్కు ముంచి నడుస్తూ కనిపిస్తాయి. వంపు తిరిగిన ఆ ముక్కు లోపలి అంచుల్లో దువ్వెన పళ్ళ వరుసలున్నాయి. లావుపాటి నాలుక పిస్టన్‌లా ముందుకూ వెనక్కూ ఆడుతూ నీటిని లాగి వదులుతుంది. చిన్న రొయ్యజాతి జీవులూ, పురుగులూ ముక్కులో మిగులుతాయి.

ఈ పద్ధతి ఇప్పటిది కాదు. గ్రీన్‌లాండ్‌లోని 52 కోట్ల ఏళ్ళ నాటి శిలల్లో దొరికిన టమిసియోకారిస్ అనే జీవి తన తల ముందరి చేతులకు వెంట్రుకల్లాంటి ముళ్ళ దువ్వెనలు పెంచుకుని సముద్రపు నీటిని వడకట్టుకుందని 2014లో పరిశోధకులు తేల్చారు. అర్జెంటీనాలో దొరికిన ప్టెరోడాస్ట్రో అనే ఎగిరే సరీసృపానికి కింది దవడలో దాదాపు 1,000 సన్నటి పళ్ళుండేవి. రాజహంసలు భూమ్మీదకు రావడానికి కోట్ల ఏళ్ళ ముందే అది వాటిలా బతికింది.

తూర్పు తీరపు ఇసుకలో అల వెనక్కి తగ్గేటప్పుడు జాగ్రత్తగా చూస్తే నీటిమీద V ఆకారపు చిన్న చారలు కనిపిస్తాయి. అక్కడ ఇసుక కింద వేలి కొనంత ఎమెరిటా అనే ఇసుక పీత దాగి ఉంటుంది. అల వెనక్కి మళ్ళగానే అది ఈకల్లాంటి రెండు మీసాలను బయటికి చాపుతుంది. పారే నీరు వాటి సన్నటి రోమాల గుండా వెళ్తుంది. మరుక్షణం మీసాలను లోపలికి లాక్కుని, అంటుకున్న మేతను నోటికి తుడుచుకుంటుంది. అల అలకూ ఇదే పని.

దువ్వుకునే దువ్వెనలు

ఇన్ని దువ్వెనల్లో జల్లెడలున్నాయి, తెడ్లున్నాయి, రంపాలున్నాయి. ఒంటిని శుభ్రం చేసుకోవడానికి వాడేవి కొన్నే. రొయ్యలు, పీతలు నీటిలో బతుకుతాయి గనుక వాటి ఒంటిమీద నాచూ బాక్టీరియా ఎప్పుడూ పేరుకుంటూనే ఉంటాయి. మొప్పల మీద మురికి చేరితే ఊపిరి ఆడదు. అందుకని అవి నోటి దగ్గరి కాళ్ళ రోమాల కుంచెలతో మీసాలను పట్టి లాగి శుభ్రం చేసుకుంటాయి. చాలా జాతుల్లో కాళ్ళ మొదట్లోని రోమాల గుచ్ఛాలు నడిచేటప్పుడు కదులుతూ మొప్పలను తుడుస్తుంటాయి.

కొల్లేటి గట్టున నిలబడిన నారాయణ పక్షిని చూస్తే దాని కాలి మధ్య వేలి గోరుకు లోపలి అంచున పళ్ళ వరుస ఉంటుంది. తెల్ల కొంగలకూ ఉంటుంది. జారుడు చేపను మింగాక మెడ ఈకలు జిగురుతో అట్టకడతాయి. అప్పుడు అది రొమ్ము మీద దట్టంగా మొలిచి పొడిగా రాలే ఈకల్లో తలను రుద్దుకుంటుంది. పొడి జిగురును పీల్చుకుంటుంది. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి రెండో కాలెత్తి, ఆ గోటితో మెడ పొడవునా గీరుకుంటుంది. పొడి, జిగురు కలిసి రేకులుగా రాలి నీళ్ళలో పడతాయి. ఈకలు మళ్ళీ విడివిడిగా లేస్తాయి.